మోటారు కాలింది, ట్రాక్టరు ఆగింది: ఒకే రిపేరుకు రెండుసార్లు డబ్బు పెట్టకుండా ఉండాలంటే

బెంగళూరు చుట్టుపక్కల హొసకోట, ఆనేకల్, దేవనహళ్ళి, చింతామణి వైపు అయిదారు ఎకరాల తోట నడిపే ఇంట్లో రిపేరు ఖర్చు ముఖ్యంగా మూడు చోట్ల పుడుతుంది: బోరు మోటారు, ట్రాక్టరు లేదా టిల్లరు, దాని వెనక తగిలించే రోటవేటరు. మందు కొట్టే పంపు, బ్రష్ కట్టరు లాంటివి చిరాకు పెడతాయి గానీ ఇల్లు ముంచవు.

బిల్లులో కనిపించే పార్టు ధర అసలు నష్టంలో చిన్న ముక్క. వెయ్యి అడుగుల బోరులోంచి మోటారు లాగించాలి, మళ్ళీ దింపించాలి, ఆ నాలుగు రోజులూ టమాటాకో గులాబీకో నీళ్ళు ఉండవు. వీటి పక్కన పెడితే వైండింగ్ తీగ ఖర్చు ఏపాటిది? అన్నిటికన్నా ఖరీదైన రిపేరు ఏదంటే, మోటారు ఎందుకు కాలిందో చూడకుండా చుట్టించి దింపేస్తే, అదే కారణంతో మూడు నెలలకు మళ్ళీ చేయించాల్సి వచ్చేది. అందుకే ఇక్కడ పార్టు మార్చడం కంటే కారణం పట్టుకోవడం గురించే ఎక్కువ ఉంటుంది.

మోటారు పైకి లాగించే ముందు

లాగే బండిని పిలవడానికి ముందు స్టార్టరు దగ్గర అరగంట కూర్చోవాలి. ఒక క్లాంప్ మీటరు, ఒక 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) కావాలి. క్లాంప్ మీటరు రెండు వేల లోపే వస్తుంది, ప్రతి తోటలో ఉండాల్సిందే. మెగ్గర్ ఎలక్ట్రీషియన్ దగ్గరుంటే చాలు.

బోర్డు తెరిచే ముందు మెయిన్ ఆఫ్ చేసి, ఫ్యూజులు మూడూ ఊడదీసి జేబులో వేసుకోండి. ఆటో స్టార్టరు ఉన్న బోర్డులో కరెంటు రాగానే కాంటాక్టరు (మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు) దానంతటదే కొట్టుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర డి.ఓ. (డ్రాప్ అవుట్) ఫ్యూజు పడిపోతే కర్రతో ఎక్కించే పని మాత్రం ఎవరూ చేయొద్దు. 1912కు ఫోన్ చేయండి, లేదా లైన్‌మన్ వచ్చేదాకా ఆగండి.

ముందు కంటితో చూడండి. కాంటాక్ట్ పాయింట్ల మధ్య చీమలు, బల్లి, కందిరీగ గూడు ఉన్నాయా? వినడానికి నవ్వులాటగా ఉన్నా, చీమలు నలిగి ఒక పాయింటు సరిగ్గా ఆనకపోతే ఒక ఫేజు పోయినట్టే. మిగిలిన రెండు ఫేజుల మీద కరెంటు దాదాపు 1.73 రెట్లు అవుతుంది. నిమిషాల్లో వైండింగ్ పోవడానికి అది చాలు. పాయింట్లు నల్లబడి గుంతలు పడితే ఉప్పుకాగితంతో రుద్దడం వారం రోజుల మందు. సెట్టుగా మార్చడమే మేలు.

తర్వాత మోటారు తీగలు స్టార్టరు నుంచి విప్పి మెగ్గర్ పెట్టండి, ఒక కొస తీగకు, ఇంకో కొస ఎర్తుకు లేదా ఇనుప కేసింగుకు. 2 మెగాఓమ్‌లు దాటితే వైండింగూ కేబులూ బాగున్నట్టే. 0.5 కంటే తగ్గితే లోపల తడి చేరింది, లేదా కేబులు ఎక్కడో చిట్లింది. ఆ తర్వాత మూడు తీగల మధ్య రెండేసి చొప్పున ఓమ్‌లు కొలవండి. మూడు జతలూ ఒకే అంకె చూపాలి. మెగ్గర్ బాగుండి, మూడు జతలూ సమానంగా ఉంటే వైండింగ్ కాలలేదు. తప్పు స్టార్టరులోనో, లైనులోనో, పంపులోనో ఉంది. "కాలిపోయింది, లాగేద్దాం" అని మెకానిక్ తొందర పెట్టినా ఈ రెండు కొలతలు చూపించమనండి.

మోటారు తిరుగుతూ ఉంటే లక్షణాన్ని బట్టి సగం తెలిసిపోతుంది. గుర్రుమని ఒక్క క్షణంలో ట్రిప్ అయితే ఒక ఫేజు లేదు, లేదా పంపులో ఇసుక పట్టేసింది. తిరుగుతున్నట్టే ఉండి ఆంప్స్ బాగా తక్కువ చూపుతూ నీళ్ళు రాకపోతే, నీటిమట్టం పంపు కిందికి పోయింది, లేదా షాఫ్టు, కప్లింగ్ తెగింది. ఆంప్స్ ఊగుతూ నీళ్ళు గాలితో కలిసి తుంపర్లుగా పడితే బోరు ఎండుతోందని అర్థం. లైను పని జరిగిన మర్నాడు నుంచి నీళ్ళు తగ్గితే మోటారు తిరగబడి తిరుగుతోంది. ఏ రెండు తీగలైనా అటూ ఇటూ మారిస్తే సరి, మోటారుకు ఏమీ కాలేదు.

కారణం పట్టే కొలత

అసలు దొంగ చాలాసార్లు మూడు ఫేజుల మధ్య వోల్టేజీ తేడా. మోటారు నడుస్తుండగా మూడు తీగల ఆంప్స్ రాయండి. ఉదాహరణకు 16, 17, 21 వచ్చాయనుకుందాం. సగటు 18. సగటుకు ఎక్కువ దూరంగా ఉన్నది 21, తేడా 3. మూడును 18తో భాగిస్తే దాదాపు 17 శాతం. 5 శాతం లోపు ఉండాలి. 10 దాటితే మోటారు ఆపేయాలి. వోల్టేజీలో ఒక్క శాతం తేడా ఆంప్స్‌లో ఆరు నుంచి పది శాతం తేడాగా కనిపిస్తుంది కాబట్టి, వోల్టు మీటరులో అంతా బాగున్నట్టే ఉండి కూడా మోటారు ఉడికిపోతూ ఉంటుంది.

తప్పు లైనుదా, మోటారుదా? మూడు తీగలనూ ఒకే దిశలో ఒక్కో స్థానం జరపండి. మొదటిది రెండో చోటికి, రెండోది మూడో చోటికి, మూడోది మొదటి చోటికి. ఇలా జరిపితే తిరిగే దిశ మారదు. మళ్ళీ ఆంప్స్ చూడండి. ఎక్కువ ఆంప్స్ అదే ఫేజు మీద ఉండిపోతే తప్పు లైనుది, బెస్కాంకు (కరెంటు కంపెనీకి) చెప్పాల్సిన సంగతి. ఎక్కువ ఆంప్స్ తీగతో పాటు జరిగితే మోటారులోనో కేబులులోనో ఉంది. ఒక్కోసారి ఈ జరపడంలోనే తేడా బాగా తగ్గిపోతుంది. ఏ అమరికలో తక్కువగా ఉందో అందులోనే బిగించేయండి.

సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారును ఆపేసే పరికరం) మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాన్ని బైపాస్ చేయించేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. అది ట్రిప్ కావడమే దాని పని. ఫ్యూజు స్థానంలో లావు రాగి తీగ చుట్టడం, రెండు ఫేజుల మీద కండెన్సరు పెట్టి నడపడం కూడా ఇదే బాపతు. ఆ పూట నీళ్ళొస్తాయి, తర్వాత వైండింగ్ పోతుంది.

మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే దగ్గర ఇంకో తప్పు చాలా బోర్డుల్లో కనిపిస్తుంది. స్టార్-డెల్టా స్టార్టరులో రిలే మెయిన్ కాంటాక్టరు నుంచి మోటారుకు పోయే తీగల్లో ఉంటే, నేమ్‌ప్లేట్ ఆంప్స్‌లో 0.58 వంతుకే పెట్టాలి. ప్లేటు మీద 16 ఉంటే రిలే 9.3 దగ్గర. దాన్ని 16 మీద పెడితే రిలే ఉన్నా లేనట్టే.

కేబులు సైజు కూడా లెక్క వేసి చూసుకోవాలి. 300 మీటర్ల లోతుకు ఒకే కేబులు మీద 16 ఆంప్స్ పోతుంటే, 4 చదరపు మి.మీ. రాగి కేబులులో సుమారు 41 వోల్టులు దారిలోనే పోతాయి. 6లో 27, 10లో 16. పైన 390 ఉంటే 4 సైజు కేబులు మీద మోటారుకు అందేది 350 లోపే. బోరు ఎండి అదనంగా పైపులు దింపినప్పుడు పాత కేబులుకే ముక్క అతికించి పొడిగిస్తారు. కాలడం సరిగ్గా ఆ సంవత్సరం నుంచే మొదలవుతుంది, కారణం మాత్రం ఎవరికీ తట్టదు.

ఆటో స్టార్టరు ఉంటే ఆన్ డిలే (కరెంటు వచ్చాక మోటారు ఎత్తుకునే ముందు ఆగే సమయం) కనీసం రెండు మూడు నిమిషాలు పెట్టండి. కరెంటు పోగానే పైపులో నిలిచిన నీళ్ళు కిందికి దిగుతూ పంపును వెనక్కి తిప్పుతాయి. అది ఆగకముందే మోటారు స్టార్టయితే షాఫ్టు మెలిపడుతుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మరు మీద ఉన్న అయిదారుగురు మాట్లాడుకుని ఒకరు రెండు నిమిషాలు, ఒకరు నాలుగు, ఒకరు ఆరు పెట్టుకుంటే అన్ని మోటార్లూ ఒక్కసారిగా ఎత్తుకుని వోల్టేజీ కుంగే బాధ తప్పుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

లాగాక, చుట్టించేటప్పుడు

పైకి తీసేటప్పుడు అక్కడే నిలబడండి. ఎన్ని పైపులు వచ్చాయి, ఎన్నో పైపు తడిగా ఉంది, ఏ పైపు మరలు అరిగాయి, కేబులు ఎక్కడ గీసుకుంది, పంపు జాలీలో ఇసుక ఎంత ఉంది, అన్నీ రాసుకోండి. అరిగిన మర ఉన్న పైపును మళ్ళీ దింపితే మోటారే బోరులో పడిపోవచ్చు.

షాపులో మీరు అడగాల్సినవి: పాత తీగ గేజు, చుట్ల సంఖ్య అంతే ఉండాలి. వైండింగుతో పాటు థ్రస్ట్ బేరింగు, కార్బన్ బుష్షులు, సీలు చూడాలి. థ్రస్ట్ బేరింగ్ అరిగిన మోటారుకు కొత్త వైండింగ్ వేయించి లాభం లేదు. రోటరు కిందికి జారి రాసుకుంటుంది. పంపు కూడా విప్పించి ఇంపెల్లర్లు, బౌల్ బుష్షులు చూడమనండి. మోటారు ఒక్కటే బాగుచేసి ఇసుకకు అరిగిన పంపు తగిలిస్తే నీళ్ళు పెరగవు. నీళ్ళు నింపే రకం మోటారయితే చుట్టాక ఒక రోజంతా నీళ్ళలో ముంచి ఉంచి, ఆ తర్వాత మెగ్గర్ పెట్టించండి. పొడిగా ఉన్నప్పుడు ఏ మోటారైనా బాగానే చూపుతుంది. తర్వాత ఖాళీగా తిప్పి మూడు ఫేజుల ఆంప్స్ మీ కళ్ళ ముందే కొలిపించండి. పాత రాగి తీగ మీ సొత్తు. తీసుకుపోతారా, బిల్లులో తగ్గిస్తారా అన్నది ముందే తేల్చుకోండి.

దింపేటప్పుడు మోటారులో శుభ్రమైన నీళ్ళు గాలి బుడగలు పోయేదాకా నింపాలి. కేబులు అతుకులు మూడూ ఒకే చోట రాకుండా ఎగుడుదిగుడుగా వేసి, సాగే రబ్బరు టేపు, దాని మీద పీవీసీ టేపు చుట్టాలి. కేబులును ప్రతి పది అడుగులకూ పైపుకు కట్టాలి. దింపిన రోజే 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండిందో, మూడు ఆంప్స్ ఎంతో, వోల్టేజీ ఎంతో బోర్డు తలుపు లోపలి వైపు పెయింటుతో రాసేయండి. కాగితాలు పోతాయి, తలుపు పోదు. ఆరు నెలల తర్వాత నీళ్ళు తగ్గాయో, మనకే అలా అనిపిస్తోందో ఆ అంకెలు చెబుతాయి.

ట్రాక్టరు, రోటవేటరు

ఇంజను ఆయిలు, ఫిల్టర్లు మాన్యువల్‌లో చెప్పిన గంటలకే మార్చాలి, చాలా మోడళ్ళకు అది 250 గంటలు. దీని గురించి చెప్పేదేమీ లేదు, అందరికీ తెలుసు. తెలిసీ పట్టించుకోనిది ఎయిర్ క్లీనరు. రాగుల కళ్ళం దగ్గర, ఎండాకాలం ఎర్రమట్టి దుక్కుల్లో ఆయిల్ బాత్ గిన్నెను రోజూ తెరిచి చూడాలి. అడుగున మట్టి గడ్డకడితే ఆయిలు పారబోసి, కడిగి, గుర్తు దాకా కొత్తది పోయాలి. గుర్తు దాటి పోస్తే ఇంజను ఆ ఆయిలు పీల్చుకుంటుంది. క్లీనరు నుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం చిట్లితే దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. రింగులు, లైనర్లు అరిగి నీలి పొగ మొదలయ్యాక ఇక ఇంజను దింపాల్సిందే.

డీజిలు అయిపోయి ఆగిన ట్రాక్టరు, ట్యాంకు నింపినా స్టార్టు కాకపోతే మెకానిక్ కోసం ఆగక్కర్లేదు. మొదటి ఫిల్టరు మీది గాలి స్క్రూ కాస్త వదులు చేసి, హ్యాండ్ ప్రైమర్ కొడుతూ బుడగలు లేకుండా డీజిలు వచ్చాక బిగించండి. రెండో ఫిల్టరు, తర్వాత ఫ్యూయల్ పంపు దగ్గర ఇదే పని. అప్పటికీ పట్టకపోతే రెండు ఇంజెక్టర్ల పైపు నట్లు ఒక చుట్టు వదిలి సెల్ఫ్ కొట్టండి, ఒకసారికి పది సెకన్లు మించకుండా. డీజిలు చిమ్మగానే బిగించేయండి. ఆ చిమ్మే చోట వేలు పెట్టొద్దు, ఆ ఒత్తిడికి డీజిలు చర్మంలోకి దూరుతుంది. గాలి మళ్ళీ మళ్ళీ చేరుతుంటే రాగి వాషర్లు మార్చాలి.

సెల్ఫ్ టకటకమని ఆగిపోతే బ్యాటరీ కొనేయకండి. రాత్రంతా ఊరకే ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉంది, 12.2 అయితే సగం. ఇంజను నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. రాకపోతే తప్పు ఆల్టర్నేటరుది, లేదా బెల్టుది. చాలాసార్లు ఎర్తు తీగ కొస తుప్పు పట్టి ఉంటుంది, వేడినీళ్ళతో కడిగి బిగిస్తే పోతుంది.

డిప్‌స్టిక్ మీద ఆయిలు పాలలా కనిపిస్తే మాత్రం ఆ క్షణమే ఆపేయాలి. హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్ళు కలిశాయి. ఇంటిదాకా నడిపించుకుపోదాం అనుకుంటే బేరింగులు పోతాయి.

రోటవేటరుకు ఇక్కడి పంటలు తెచ్చిపెట్టే జబ్బు ఒకటుంది. టమాటా, క్యాప్సికం తీసేశాక మల్చింగ్ షీటు ముక్కలు, డ్రిప్ లేటరళ్ళు సరిగా ఏరకుండా దున్నితే అవి షాఫ్టు కొసన ఆయిల్ సీలు దగ్గర చుట్టుకుని సీలును కోసేస్తాయి. ఆయిలు నెమ్మదిగా కారిపోతుంది, చూసేవాళ్ళుండరు, గేరో బేరింగో పోతుంది. వంద రూపాయల సీలు వేల రూపాయల పని అవుతుంది. రోజు పని అయ్యాక ఇంజను ఆపి, తాళం తీసి, రోటవేటరు నేల మీద దించి రెండు కొసలూ కత్తితో శుభ్రం చేయండి. గేర్ బాక్సులో 90 నంబరు ఆయిలు మట్టం వారానికోసారి చూడండి. షియర్ బోల్టు (గేర్లను కాపాడటానికి ముందుగా తెగేలా పెట్టే బోల్టు) తెగితే అదే రకం బోల్టే వేయాలి. గట్టి బోల్టు వేస్తే ఈసారి బోల్టు తెగదు, గేరు పళ్ళు తెగుతాయి. బ్లేడ్లు అరిగితే రెండు వైపులా కలిపి మార్చాలి, లేకపోతే ఊగి బేరింగులు తింటుంది. కొత్త బ్లేడ్ల బోల్టులు మొదటి గంట పని తర్వాత మళ్ళీ బిగించాలి.

బ్రష్ కట్టరుకు ఒక్క మాట. పెట్రోలులో కలిపే టూ స్ట్రోక్ ఆయిలు లీటరుకు 40 మిల్లీలీటర్లంటే 25కు ఒకటి, 20 అంటే 50కి ఒకటి. మీ మిషను మీద ఏది రాసుంటే అదే. ఇప్పుడొచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలు తేమ పీల్చుకుంటుంది. పదిహేను రోజులు వాడకపోతే ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపి పెట్టండి. లేకపోతే కార్బురేటరు డయాఫ్రం గట్టిపడుతుంది.

పార్టులకు బెంగళూరు వెళ్తే

మోటారు స్టార్టరు సామాను, కాంటాక్టర్లు, రిలేలు, కేబులు ఎస్.పి. రోడ్డులో, బండి పార్టులు జె.సి. రోడ్డులో, షాఫ్టు తిప్పించడం, బుష్షు చేయించడం లాంటి లేత్ పనులు పీణ్యలో. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి. పాత పార్టు చేత్తో పట్టుకుపోవాలి. ఫోటో చాలదు, కానీ నేమ్‌ప్లేట్, ఇంజను నంబరు, చాసిస్ నంబరుల ఫోటోలు ఫోనులో ఉండాలి.

నంబరు చదవడం వస్తే కంపెనీ షోరూములోనే కొనాల్సిన అవసరం చాలా పార్టులకు ఉండదు. బేరింగు మీద 6205 అని ఉంటే లోపలి రంధ్రం 25, బయటి వ్యాసం 52, మందం 15 మిల్లీమీటర్లు, ఏ కంపెనీదైనా. ఆయిల్ సీలు మీద 35-52-7 అంటే షాఫ్టు, గూడు, మందం. బెల్టు మీద బి 52 అంటే బి రకం, లోపలి పొడవు 52 అంగుళాలు. రెండు మూడు బెల్టులు పక్కపక్కన తిరిగే చోట ఒక్కటే మార్చొద్దు. కొత్తదే మోత మొత్తం మోసి తొందరగా పోతుంది. పేరున్న బేరింగు పెట్టెలో నకిలీలు వస్తాయి కాబట్టి బిల్లు లేకుండా కొనకండి. ఫ్యూయల్ పంపు, ఇంజెక్టరు, క్లచ్ ప్లేటు, హైడ్రాలిక్ పంపు మాత్రం కంపెనీవే తీసుకోండి. అక్కడ మిగిల్చిన వెయ్యి, మళ్ళీ విప్పే కూలికి పోతుంది.

బిల్లులో పన్ను కూడా చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, ట్రాక్టరు టైర్లు, కొన్ని ట్రాక్టరు పార్టుల మీద 18 నుంచి 5కు తగ్గింది. మామూలు బేరింగులకు, బెల్టులకు ఇది వర్తిస్తుందనుకోకండి.

ఇంట్లో ఒక డబ్బాలో ఇవి ఉంటే అర్ధరాత్రి త్రీ ఫేజ్ వచ్చే రోజుల్లో పనికొస్తాయి: స్టార్టరు కాయిల్ ఒకటి, కాంటాక్టు సెట్టు ఒకటి, సరైన ఆంప్స్ ఫ్యూజులు మూడు, డీజిలు ఫిల్టర్లు, ఫ్యాన్ బెల్టు, రాగి వాషర్లు, షియర్ బోల్టులు అయిదు, రోటవేటరు సీళ్ళు రెండు, రబ్బరు టేపు. ఇంతకంటే పోగేస్తే తుప్పు పట్టే సరుకే.

డబ్బు సంగతి

యంత్రం కొన్న ధరలో ఏటా 5 నుంచి 10 శాతం రిపేరుకు పోతుందని లెక్క వేసుకోండి. కొత్తదానికి 5, పాతదానికి 10. లక్ష రూపాయల రోటవేటరుకు అయిదు నుంచి పది వేలు. పంట డబ్బు చేతికొచ్చిన రోజే దాన్ని వేరే ఖాతాలో వేయాలి, నెలనెలా వేద్దామంటే పడదు. ట్రాక్టరు బాడుగకు పంపుతుంటే గంటల మీటరు రీడింగు రాసి, ప్రతి గంటకూ ఇంత అని పక్కకు తీయండి. బాడుగ డబ్బంతా ఆదాయమనుకోవడం వల్లే చాలా ఇళ్ళలో ట్రాక్టరు లాభంగా కనిపిస్తూ నష్టం తెస్తుంది.

అత్యవసరానికి నగలు కుదువ పెట్టేముందు, విత్తనాల షాపులో అప్పు చేసేముందు మీ కిసాన్ క్రెడిట్ కార్డు చూడండి. పంట రుణ పరిమితి లెక్క వేసేటప్పుడు దానికి 20 శాతం వ్యవసాయ ఆస్తుల మరమ్మతుల కోసమని కలుపుతారు. లక్ష రూపాయల పంట లెక్కకు ఇరవై వేలు. మూడు లక్షల దాకా వడ్డీ 7 శాతం, గడువులోపు కట్టేస్తే 4కు వస్తుంది. మీ పరిమితిలో ఆ భాగం కలిపారో లేదో రెన్యువల్ రోజున మేనేజరును అడగండి.

సీజను మధ్యలో ట్రాక్టరు పెద్ద రిపేరుకు పోతే తొందరపడి ఏదో ఒక షెడ్డులో విప్పించకండి. హోబళీ (కొన్ని ఊళ్ళ గుంపు) స్థాయిలో ఉండే కృషి యంత్రధారె అనే యంత్రాల బాడుగ కేంద్రాల్లో బాడుగకు దొరుకుతాయి, లేదా పక్క తోటవాళ్ళతో మాట్లాడుకుని ఆ నాలుగు రోజులు గట్టెక్కండి. విత్తనం పడే తడి పోగొట్టుకోవడం కంటే బాడుగ చవక. రిపేరుకు ఇచ్చేటప్పుడు ఏయే పనులు, ఏ పార్టులు, కూలి ఎంత అని రాయించుకుని, "ఇంత దాటితే ఫోన్ చెయ్యన్నా, అడక్కుండా చెయ్యొద్దు" అని ముందే చెప్పాలి. మార్చిన పాత పార్టులన్నీ తిరిగి అడగండి. వారంటీలో ఉన్న మోటారును బయట విప్పిస్తే వారంటీ పోతుంది, ఎంత తొందరున్నా ముందు డీలరుకు చెప్పండి.

ఇక బాగుచేయించాలా, మార్చాలా. రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే, కాలడానికి బయటి కారణం ఏదీ కనిపించకపోతే, మార్చడమే. కారణం వోల్టేజీయో కేబులో అయితే కొత్త మోటారు కూడా అలాగే కాలుతుంది కాబట్టి ముందు దాన్ని సరిచేసి, పాతదే చుట్టించండి. రెండుసార్లు చుట్టించిన మోటారు మూడోసారి కాలితే స్టాంపింగులు (వైండింగ్ కూర్చునే ఇనుప రేకులు) కూడా ఉడికిపోయి ఉంటాయి, ఆంప్స్ పెరిగి నీళ్ళు తగ్గుతాయి. పది హెచ్‌పీ దాకా వ్యవసాయ కరెంటు ఉచితం కాబట్టి ఈ నష్టం కరెంటు బిల్లులో కనిపించదు, డ్రమ్ము నిండే సెకన్లలో కనిపిస్తుంది. కొత్తది తీసుకునేటప్పుడు బోరు నీటిమట్టం కొలిపించి దానికి తగిన స్టేజీలు (పంపులో ఒకదాని మీద ఒకటి ఉండే ఇంపెల్లర్ల సంఖ్య) అడగండి, పాతది పది హెచ్‌పీ కాబట్టి కొత్తదీ పది అనొద్దు. కొత్త మోడలు కొనాలనుకుంటే జీకేవీకేలో (బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో) జరిగే కృషి మేళాలో కంపెనీవాళ్ళను ధర కంటే ముందు, మీ ఊరికి దగ్గర్లో సర్వీసు ఎక్కడుంది, సీలు, బుష్షు ఎన్ని రోజుల్లో వస్తాయి అని అడగండి. పాత మోటారును మొత్తంగా తుక్కుకు వేయకుండా, రాగి వేరు, ఇనుము వేరు తూకం వేయించి అమ్మండి.